ఫిరంగి ఎడమ పక్క

ఆయన అసలు పేరు పెళ్లాం కూడా మరిచిపోయి ఉంటుంది. యుద్ధంలో ఫిరంగుల దళంలో పనిచేసి వచ్చి కటింగ్ షాపు పెట్టుకున్నాడు కాబట్టి ఊరందరికీ ఆయన ఫిరంగే. ఎడమ చెవిని యుద్ధమే మింగేసింది. కుడి చెవి, పక్కన నిలబడి చెబితే వింటుంది గానీ ఫోనులో మాట మాత్రం దానికి ఒక్క ముక్కా ఎక్కదు.

గుండ్లు పేలుతుంటే ఎవడి మాటా ఎవడికీ వినపడి చావదు. అందుకే గుండ్లు అందించే బక్కోడూ ఈయనా ఒకరి పెదాలు ఒకరు చూసి కబుర్లాడుకునేవారు. తెల్లారగానే బక్కోడికి గడ్డం గీసేది ఈయనే.

"ఒరేయ్, నేను పోయేటప్పుడు ఆఖరి గడ్డం నువ్వే గియ్యాలి. ఇంకోడి కత్తి పడనివ్వను," అన్నాడు వాడొకనాడు.

"గీస్తాలే, కదలకు," అన్నాడు ఈయన. ఒట్లూ గిట్లూ ఏమీ లేవు, మాటంటే మాటే.

ఇంటికొచ్చాక ఈయనంత ఇల్లుపిచ్చి మనిషి ఇంకొకడు లేడు. పెళ్లయి వెళ్లేదాకా కూతురికి జడ తనే వేశాడు. భార్య మంచాన పడితే వండిపెట్టి, బట్టలుతికి, కాళ్లు పట్టాడు. షాపు వెనక గదుల్లోనే కాపురం. ఆయనతో పనుంటే ఇంట్లోవాళ్లు కుడి పక్కకు వచ్చేవారు. ఆయనకు తెలియకూడని మాటైతే ఎడమ పక్క చేరి గుసగుసలాడేవారు. ఎదురుగా గోడ పొడుగునా అద్దముందన్న సంగతి ఆ మేధావులకు ఒక్కనాడూ తట్టలేదు. కొడుకు పరీక్ష తప్పడం, కూతురు ఎవరినో ఇష్టపడడం, అన్నీ ఆయన ఆ అద్దంలోనే చూసేశాడు. చూసీ ఏమీ తెలియనట్టే ఉన్నాడు. పిల్లలకు కాస్త చాటు ఉండొద్దూ అనుకునేవాడు.

పోయినేడు గుండెనొప్పి వచ్చింది. ప్రయాణాలు కట్టిపెట్టమన్నాడు డాక్టరు. బక్కోడుండేది దూరాభారం. వాడి ఇంటినుంచి ఫోనొస్తే భార్యే వెనక గదిలో మాట్లాడి వచ్చి ఈయనకు చెప్పేది.

"అన్నయ్య బాగానే ఉన్నాడండీ. మిమ్మల్ని అడిగానని చెప్పమన్నాడు."

ఈమధ్య ఎప్పుడడిగినా అదే మాట. ఈయన నిక్షేపంగా నమ్మాడు.

ఆ పొద్దున బడి మాస్టారికి గడ్డం గీస్తున్నాడు. ఒక చెంప అయింది, రెండో చెంప మీద ఇంకా నురగ ఉంది. వీధిలోంచి కొడుకూ, వెనక గదిలోంచి భార్యా వచ్చి ఎడమ పక్క చేరారు. అలవాటు కొద్దీ ఆయన అద్దంలోకి చూశాడు.

"బక్కోడు బాబాయి ఇందాకే పోయాడంటమ్మా," అన్నాయి కొడుకు పెదాలు.

"అయ్యో! ఆస్పత్రిలో చేరినప్పట్నుంచీ మీ నాన్ననే కలవరించాడు. ఈయనొచ్చి గీస్తాడని గడ్డం ఎవర్నీ ముట్టుకోనివ్వలేదట."

"నాన్నకి చెప్పేద్దామా?"

"నోర్ముయ్. ఇన్నాళ్లూ దాచింది ఎందుకు? తెలిస్తే ఆగేవారా? దారిలోనే ఏదో ఒకటి అయ్యేది."

మాస్టారి గొంతు దగ్గర కత్తి ఆగింది. ఫిరంగికి ముందు కోపం కూడా రాలేదు. శత్రువుతో ఆ బాధ లేదు, వాడు ఎదురుగా ఉంటాడు. వీళ్లు తన పక్కనే నిలబడి, తన చేతి అన్నం తిన్నవాళ్లే, తన మాటను మట్టిలో కలిపేశారు. ప్రేమతో చేశారట! ప్రేమతో చేసినా మోసం మోసమే. బక్కోడు తలుపు వైపు చూస్తూ పోయి ఉంటాడు.

ఒక్క గాటు పడకుండా రెండో చెంపా పూర్తిచేసి మాస్టారిని పంపేశాడు. కత్తి, సబ్బు, బ్రష్షు తువ్వాలులో చుట్టి సంచిలో పెట్టుకున్నాడు.

భార్య గబగబా కుడి పక్కకు వచ్చింది. "ఎక్కడికండీ?"

"బక్కోడికి గడ్డం గియ్యాలి."

ఆవిడ సంచి పట్టుకుని ఆపింది. "మీకు... ఎవరు చెప్పారు?"

"నువ్వే." అద్దం వైపు చెయ్యి చూపించాడు. "పెళ్లయినప్పట్నుంచీ చూస్తూనే ఉన్నాను."

కొడుకు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. "నీ మంచికే కదా నాన్నా! ఆయన పోయాక ఇప్పుడెళ్లి ఏం చేస్తావు?"

"మనిషి పోయాడు. గడ్డం ఉందిగా. తప్పుకో."

భార్య ఏడుస్తూ బస్టాండు దాకా వెంటపడింది, బస్సు కూడా ఎక్కింది. కిటికీ దగ్గర కూర్చున్న ఆయనకు కుడి పక్కనే ఖాళీ ఉంది. ఆవిడ అక్కడ కూర్చోబోతుంటే ఆయన లేచి, అవతలి వరసలోకి వెళ్లి, ఎడమ చెవి ఆవిడ వైపు వచ్చేలా కూర్చున్నాడు. ఆవిడ పక్కన చేరి, చెయ్యి పట్టుకుని ఏదో చెబుతూనే ఉంది.

ఆయన కళ్లు మూసుకున్నాడు.