వణకని నాలుగు గజాలు

పున్నయ్య మావయ్య మాకు చుట్టం కాదు. పెడనలో మాది ఆయన పక్కిల్లు. తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేసిన దగ్గర్నుంచి నేను గోవర్ధనరావు గారి కలంకారీ షెడ్డులో ఆయన బల్ల పక్కన నిలబడి రంగు ట్రే తడుపుతున్నాను. అందుకే ఆయన కుడిచెయ్యి వణుకుతోందని ఆయన భార్య మార్తమ్మత్త కన్నా ముందు నాకు తెలిసింది.

అద్దకంలో మనిషికి పేరు తెచ్చేది అతుకే. చెక్క అచ్చుతో వేసిన ఒక ముద్ర ఎక్కడ ఆగిందో రెండోది అక్కడే మొదలవ్వాలి. పున్నయ్య అద్దిన గుడ్డ మీద అతుకు ఎక్కడుందో బందరు కొట్లవాళ్లు కూడా వెతికి చూపించలేకపోయేవారు. ముప్పై ఎనిమిదేళ్లు ఆ పేరుతోనే బతికాడు. ఇప్పుడు అచ్చు ఎత్తితే గుడ్డ మీద తీగ అంచు తడబడి ఉంటోంది. చెడిన గుడ్డని, అద్దే గుడ్డ కింద మెత్తగా ఉండేందుకు, బల్ల మీద వేసుకోవడం మా షెడ్డులో అందరికీ అలవాటే. ఆయన కూడా తనది మడిచి అందరి గుడ్డల అడుగున పరిచేసేవాడు.

"నోరు జారకే స్వర్ణా," అన్నాడొకరోజు, నా వైపు చూడకుండా. "చెయ్యి పోయిందని తెలిస్తే రేపు ఈ బల్ల దగ్గర ఇంకోడుంటాడు."

తలూపాను. నాకు అసలే మాటలు తక్కువ.

మే నెలలో హైదరాబాదు నుంచి వినీల గారు వచ్చారు. ఫ్యాషన్ డిజైనర్. సొంతూరు గుడివాడేనట. వానాకాలం కలెక్షన్ తయారు చేయించాలి, ఆగస్టులో పెద్ద హోటల్లో షో. "ర్యాంప్ మీద చూసి చప్పట్లు కొట్టి మర్చిపోయేవి కాదండీ, మర్నాడు ఆఫీసుకి వేసుకెళ్లేలా ఉండాలి," అంటూ గోవర్ధనరావు గారికి ఫోన్లో బొమ్మలు చూపించారు. చీలమండ పైన ఆగిపోయే వదులు ప్యాంట్లు, జేబుల కుర్తాలు, పల్చటి వాన కోట్లు. అన్నీ నాలుగేళ్లు ఉతికినట్టు వెలిసిన రంగులు.

మేం పరిచిన మంచి గుడ్డలన్నీ ఆవిడ పక్కకి నెట్టారు. "బాగున్నాయి. కానీ ఇవి ప్రతి కొట్లో ఉన్నాయి కదండీ." బల్ల అంచున వేలాడుతున్న మెత్త గుడ్డ కొస ఆవిడ కంట పడింది. పట్టుకుని లాగారు. నల్ల తీగ ఎర్ర పువ్వు మీదకి ఒరిగిపోయింది. ప్రతి అతుకు దగ్గరా గీత రెండుగా చీలి, కాలువ నీళ్లలో కొమ్మ నీడలా ఉంది.

"అబ్బ! ఇదెవరు వేశారు?"

పున్నయ్య నా వైపు వేలు చూపించాడు. "ఈ పిల్లండీ. నేర్చుకుంటోంది."

ఆవిడ నా భుజం మీద చెయ్యి వేశారు. "నీ చేతిలో ఏదో ఉందమ్మా. అచ్చంగా ఇలాంటిదే నాలుగు వందల గజాలు కావాలి నాకు."

నిజం చెబితే ఆర్డరు ఆయనకే వచ్చేది. దాంతోపాటు ఆయన పేరూ పోయేది. ఇవన్నీ తూచి నేను ఊరుకున్నానని కాదు. ఎప్పట్లాగే తలూపానంతే.

మూడు రోజులు పనిగట్టుకుని తప్పులు వేశాను. కావాలని జరిపిన అచ్చు కావాలని జరిపినట్టే కనబడింది. పక్క బల్ల ప్రభావతికి నవ్వాగలేదు. "తప్పు చెయ్యడానిక్కూడా ఇన్ని తంటాలేంటే? మా ఆయన్ని పంపనా, ఆయనకి పుట్టుకతో వచ్చిన విద్య!"

నాలుగో రోజు వినీల గారు మళ్లీ వచ్చి నా గుడ్డలు చూసి, "ఇది ఆ చెయ్యి కాదు," అన్నారు.

గోవర్ధనరావు గారు మెత్త గుడ్డని వెలుతురుకి పెట్టి చూశారు. ముప్పై ఏళ్లుగా ఆ పని చూస్తున్న మనిషి. "పున్నయ్యా, నువ్వు వెయ్యి. మేడమ్ గారి ఎదురుగా, నాలుగు గజాలు."

"నేనెందుకండీ..."

"వణికితే వణకనివ్వవయ్యా! వాళ్లకి కావాల్సిందే అది!"

అందరి ముందూ అనేశారు. ప్రభావతి కూడా తల దించుకుంది.

పున్నయ్య తొట్టి దగ్గర చేతులు కడుక్కుని వచ్చాడు. అచ్చుని రెండు చేతులతో పట్టుకున్నాడు. ఎప్పటిలా పిడికిలితో దాని మీద గుద్దలేదు. మోచేయి ఆనించి, ఒంటి బరువంతా దాని మీద పెట్టి, ఊపిరి బిగబట్టి ఒత్తాడు. గంటలో అయ్యే పని మధ్యాహ్నం దాకా పట్టింది. చొక్కా వీపుకి అంటుకుపోయింది. ఆఖరి అచ్చు ఎత్తి పక్కకి జరిగాడు. వేలు పెట్టి వెతికాను, అతుకు దొరకలేదు.

"ఎవరి చెయ్యండీ వణికేది?" అన్నాడు.

వినీల గారు ఆ గుడ్డని కాసేపు చూసి, "చాలా అందంగా ఉందండీ," అన్నారు మర్యాదగా. మెత్త గుడ్డ మాత్రం మడిచి తీసుకుని కారెక్కారు. దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించి ఎక్కడో మిషను మీద గజాలకి గజాలు తీయించారని తర్వాత తెలిసింది. షో వీడియో మా ఫోన్లలోకీ వచ్చింది. పొడుగాటి అమ్మాయిలు ఆ తడబడిన తీగని ప్యాంట్ల మీదా కోట్ల మీదా వేసుకుని నడిచారు. ఈ సీజన్ ట్రెండ్ ఇదేనని కింద ఎవరెవరో రాశారు. మార్తమ్మత్త ఫోను తీసుకెళ్లి చూపిస్తే, ఆయన అన్నం కలుపుతూ, "అతుకు కుదర్లేదు," అన్నాడట.

అప్పటికే, ఆర్డరు పోయిన కోపంలో, గోవర్ధనరావు గారు ఆయన్ని బల్ల దగ్గర్నుంచి లేపి, గుడ్డలు ఉడికించే కాగు దగ్గర పెట్టారు. "అంత గొప్పగా వేసి ఎవర్ని ఉద్ధరించావయ్యా?" అన్నారు. కర్రతో గుడ్డలు తిప్పడమే ఇప్పుడాయన పని. నేను పొయ్యిలో పుల్లలు ఎగదోస్తున్నాను.

అక్టోబరులో పిచ్చేశ్వరరావు గారు మా షెడ్డుకి వచ్చారు. బంటుమిల్లి రోడ్డులో కొత్త షెడ్డు పెడుతున్న ఆసామి. తిన్నగా కాగు దగ్గరికే వచ్చి నిలబడ్డారు.

"పున్నయ్య గారూ, మీరు వేసిన నాలుగు గజాల సంగతి పెడనంతా చెప్పుకుంటున్నారండీ. ఆ చేత్తో ఈ కాగు తిప్పడమేంటి? మా షెడ్డుకి రండి, మొదటి బల్ల మీదే."

కర్ర ఆగింది. ఆయన నా వైపు చూశాడు. నేను మంట వైపు చూస్తున్నాను.

"అద్దకం మానేశానండీ."

"అదేంటండీ! ఎందుకని?"

"విసుగొచ్చిందండీ."

అంత పనివాడికి ఆ మాత్రం పొగరు ఉంటుందిలే అనుకున్నారో ఏమో, పిచ్చేశ్వరరావు గారు నవ్వి, దణ్ణం పెట్టి వెళ్లిపోయారు. పున్నయ్య మళ్లీ కర్ర తిప్పడం మొదలెట్టాడు. గుడ్డలు రెండోసారి తిప్పాక అన్నాడు.

"విన్నావటే? గారూ అన్నాడు."