బూట్ల పట్టిక, బావల చిక్కు

ఆ రోజుల్లో కంప్యూటరు ముందు కూర్చున్నవాళ్లకు అన్నీ తెలుసని లోకం నమ్మేది. (నేనూ నమ్మాను, అదే నా ఖర్మ.) నాచారంలో ఒక ఫ్యాక్టరీ ఆఫీసులో చేరి ఇరవై రోజులు. మా ఇంట్లో మొదటి కుర్చీ ఉద్యోగమని అమ్మ మేడిపల్లి బస్సులో కనిపించినవాళ్లందరికీ చెప్పుకుంది. ఒక మధ్యాహ్నం సేఫ్టీ బూట్ల కోసం పన్నెండు మంది పట్టిక చేశాను: పేరు, షిఫ్టు, వారపు సెలవు, బూటు నంబరు. అందంగా ఉంటుందని పేర్లను అక్షరక్రమంలో పెట్టి, సేవ్ చేసి, మూసేసి, మేనేజర్ సారు రాసిచ్చిన కాగితాన్ని చించేశాను. మళ్లీ తెరిస్తే పేర్లు మాత్రమే కదిలాయి, పక్క గడులు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఎవరి బూటు ఎవరిదో దేవుడికే తెలియాలి! నాలుగింటికి పట్టిక సారు చేతిలో ఉండాలి. ఉద్యోగం ఊడితే అమ్మకు ఏ ముఖం చూపించాలి? పోయి అందరినీ అడుగుదామంటే సారు ఆ మెషిన్ల మధ్యే తిరుగుతున్నారు.

స్టోరు చూసుకునే పెద్దాయనను అందరూ మామ అనేవాళ్లు, నేనూ అదే. పరుగున వెళ్లి ఆయనకే చెప్పుకున్నాను. "ఫికర్ జెయ్యకు బిడ్డా. అందరి నంబర్లు యాదికి లెవ్వు గని, మనుషులు ఎరుకనే. డేవిడన్న చర్చికి పోతడు, ఆదివారం సెలవు ఆయనదే. సైకిల్ మీద వచ్చే సాయిలు రాత్రి డ్యూటీ ఎక్కడు" అంటూ ఆనవాళ్లు చెప్పాడు. ఆ సెలవు, ఆ షిఫ్టు ఉన్న వరుసకు ఆ పేరు రాసి, ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ వస్తే చివరికి మల్లన్న, యాదన్న మిగిలారు. ఆ ఇద్దరినీ నేనింకా ఎదురుగా చూడలేదు. నంబర్లు ఆరు, పది. "పది మా బావది" అని, లారీ వచ్చిందంటే మామ గేటుకు పరుగెత్తాడు. పొద్దున్నే కిటికీ అవతల ఆయన "ఏం మల్లన్న బావా, చాయ్ తాగినవా?" అనడం నా చెవులారా విన్నాను. ఇంకేం, మల్లన్నకు పది!

వారానికి బూట్లు వచ్చాయి. తలుపంత యాదన్న చేతిలో ఆరో నంబరు జత. పొట్టి మల్లన్న పడవల్లాంటి బూట్లలో నిలబడి, "నా కాళ్లు ఇంక పెరుగుతయనుకున్నట్టున్నరు సార్" అన్నాడు. అందరూ నవ్వారు, సారు నవ్వలేదు. "ఈ పట్టిక ఎవరు చేశారు?" అన్నారు.

"నంబర్లు నేనే తప్పు జెప్పిన సార్. యాది మరుపైతున్నది" అన్నాడు మామ.

ఆయన మాటలు పడుతుంటే నోరు విప్పలేకపోయాను, ఇప్పటికీ సిగ్గే. తర్వాత ఏడుస్తూ, "మల్లన్న మీ బావ కాదా మామా?" అన్నాను.

"పిలుస్తానికి అందరు బావలే బిడ్డా. మా అక్కను జేసుకున్నది యాదన్న ఒక్కడే!"

ఆ భయస్తురాలిని తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. పట్టికల్లో వరుసలు తప్పకుండా కలపడం తర్వాత నేర్చుకున్నాను. ఆయన నాకు ఏ వరుసన మామో మాత్రం నేటికీ తేల్చలేకపోయాను.