మూత్రనాళానికి వేసిన మార్కులు

నేను మహబూబాబాద్–జనగామ రూటులో బస్సు కండక్టర్‌ని. మాది మరిపెడ. కొన్నేళ్ల కింద మోటారుసైకిల్ మీంచి పడినప్పుడు దవాఖానలో చాలా రోజులు మూత్రానికి పైపు పెట్టారు. అది తీశాక దారి సన్నబడింది. రెండుసార్లు లోపలి నుంచే కోసి వెడల్పు చేశారు. రెండుసార్లూ మళ్లీ మూసుకుపోయింది.

ఆడవాళ్లకు టికెట్ డబ్బులు తీసేశాక బస్సులో కాలు పెట్టే చోటుండదు. ఒకరోజు తొర్రూరు దాటాక ఆపుకోలేక బస్సు ఆపించి తుమ్మచెట్ల వెనక్కి పోయాను. బొట్టు బొట్టుగా తప్ప రాలేదు. బస్సులోంచి ఒక అవ్వ కేకేసింది.

"ఓ కండక్టరు బిడ్డా, ఏడ పోయినవ్? పొద్దుగూకేదాంక గీడనే ఉంటమా?"

డ్రైవర్ హారన్ కొట్టాడు. సగంలోనే వచ్చి ఎక్కాను. ఐదు నిమిషాలకే మళ్లీ అదే బాధ. తలుపు దగ్గర జనం మధ్య ఇరుక్కుని, పళ్లు బిగించి టికెట్లు కొట్టాను. ఎవరితో చెప్పుకోను?

ఎండాకాలం ఒక మధ్యాహ్నం జనగామ బస్టాండులో మూత్రం పూర్తిగా బందయింది. దవాఖానలో బొడ్డు కింద చిల్లు పెట్టి పైపు వేసి, మూత్రం పడేందుకు దానికి సంచి తగిలించారు. ఆ సంచిని లుంగీ చాటున దాచుకుని రెండు నెలలు గడప దాటలేదు. చుట్టాలు వస్తే దుప్పటి కప్పుకునేవాణ్ని.

తర్వాత నన్ను చూసిన డాక్టరుది భూపాలపల్లి వైపు. మందు ఎక్కించి తీసిన ఎక్స్‌రే చూస్తూ కాగితం మీద ఏవో అంకెలు కూడారు.

"తొమ్మిదికి ఏడు" అన్నారు.

"మంచిగనే వచ్చినయి గద సార్?"

"గీ లెక్కల ఎక్కువొస్తేనే కష్టం అన్నా. ఎంత పొడుగు మూసుకుపోయింది, ఎన్ని జాగలల్ల, ఏడ, ఎట్ల వచ్చింది, గివన్నీ చూసి మార్కులేస్తం. ఇగ లోపల కోస్తే ఆగదు. దవడ లోపలి పొర తీసి అతకాలె."

నా భార్య ముందుకు జరిగింది. "మరి నయమైతదా సార్?"

"గీ లెక్క మళ్ల మూసుకుపోయే భయం ఎంతుందో చెప్తది గని, నీ పెనిమిటికి నయమైతదని రాసియ్యదు అక్కా."

ఇంటికొచ్చే దారంతా అదే లెక్క వేసుకున్నాను. చేయించుకోకపోతే ఆ సంచితోనే బతకాలి. చేయించుకున్నా ఆ ఏడు మార్కుల భయం నన్ను వదలదు. ఆఖరికి నా భార్యే తేల్చింది. "సంచి మోసుకుంట ఎన్నేండ్లుంటవ్? పోదాం పా."

ఆపరేషన్ అయింది. నోరు పుండై కొన్ని రోజులు జావే తాగాను. మూడు వారాలకు పైపు తీసి, ధార వేగం కొలిచే మిషన్లో మూత్రం పోయమన్నారు. ధార పడింది. గోడకు ఆనుకుని ఏడ్చాను.

ఏడాదికి అదే మిషన్లో ధార వేగం చూపే గీత కిందికి దిగింది.

"బంద్ కాలేదన్నా, జర సన్నబడ్డది. చూస్కుంట ఉందాం" అన్నారు డాక్టరు.

డాక్టరు రాసిచ్చిన కాగితం పట్టుకుపోయి, మొదటిసారి సిగ్గు విడిచి డిపోలో అంతా చెప్పాను. కూర్చుని చేసే పనేదైనా ఇవ్వమన్నాను. పెద్దసారు కాగితం రెండుసార్లు చదివాడు.

"ఇప్పుడైతే ఖాళీ లేదు. రాంగనే చెప్త."

నాలుగు నెలలైంది. అదే రూటులో తిరుగుతున్నాను.