ఆకు లేని తొట్టి

రాజోలు బస్టాండు ఎదురుగా, రెండు కరెంటు స్తంభాల మధ్య, ఫ్లెక్సీ మీద వెంకటదుర్గ మొహం వేలాడుతోంది. పక్కన పచ్చటి ఆకు బొమ్మ. కింద "మన నీరు, మన ఎండ, మన ఇంధనం" అని ఎర్రటి అక్షరాలు. రోజూ ఆటోలో కాలేజీకి వెళ్ళేటప్పుడు అక్కడికి రాగానే దుర్గ తల దించేసుకుంటుంది. తన మొహం చూసి తనే మొహం చాటెయ్యవలసిన ఖర్మ ఎంతమందికి పడుతుంది చెప్పండి!

మనిషి చెడ్డది కాదు. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఆవిడ మీద మీకు కోపం వస్తుంది. నాకూ వచ్చింది.

తండ్రి జగ్గయ్యకి ఎకరంన్నర కొబ్బరితోట ఉంది. ఆ తోట నడిమధ్య నుంచి, భూమిలోపల, గ్యాసు పైపు వెళ్తుంది. దాని మీద చెట్టు వెయ్యకూడదు, గొయ్యి తియ్యకూడదు, పాక కట్టకూడదు. నిండైన తోటలో పాపిడి తీసినట్టు ఆ మేర బోడిగా ఉంటుంది. చిన్నప్పుడు దుర్గ ఆ ఖాళీలో తొక్కుడుబిళ్ళ ఆడుతుంటే జగ్గయ్య ప్రాణాలు ఉగ్గబట్టుకుని గట్టు మీద నిలబడేవాడు. ఎక్కడైనా పైపు చెమర్చిందేమోనని ఊరు ఊరంతా వాసన చూసుకుంటూ బతికే చోట పెరిగిన పిల్ల, కెమిస్ట్రీ చదివింది. రాజోలులో ఓ ప్రైవేటు డిగ్రీ కాలేజీలో లెక్చరరుగా చేరింది. ఉద్యోగం ఏడాదికోసారి పొడిగిస్తారు, పొడిగించకపోతే లేదు. తొమ్మిదేళ్ళుగా అంతే.

ఆకు ఏం చేస్తుందో మనందరం ఎనిమిదో తరగతిలో బట్టీ పట్టినవాళ్ళమే. ఎండని పట్టుకుని, నీటిని విడగొట్టి, తన తిండి తాను వండుకుంటుంది. అదే పని మనిషి చేతితో చేసిన పలక చేత చేయిస్తే, నీటిలోంచి హైడ్రోజన్ వస్తుంది. అది మండితే పొగ లేదు, మసి లేదు, మిగిలేది మళ్ళీ నీరే. దీన్నే కృత్రిమ కిరణజన్య సంయోగక్రియ అంటారు. పెద్ద పెద్ద దేశాల్లో పెద్ద పెద్ద వాళ్ళు దీని మీద తలలు బద్దలు కొట్టుకుంటున్నారు. మన దుర్గ, పాడైన సోలారు దీపం పలక ఒకటి తీసుకుని, దానికి నికెల్ పూత పెట్టి, అరచేతిలో పట్టేంత ఆకు తయారుచేసింది.

దానికి శుద్ధమైన నీళ్ళు తెచ్చి, అందులో ఉప్పులాంటి మందులు కలపాలి. మా బోరు నీళ్ళే ఉప్పగా ఉంటాయి కదా, ఇంకా కలపడం ఎందుకనుకుంది. కాలేజీ బోరు నీళ్ళు చేపల్ని పెంచే గాజుతొట్టి నిండా పట్టింది. ఆకుని అందులో దించి, పైన గరాటు బోర్లించి, గరాటు మీద టెస్టుట్యూబు పెట్టింది. నీడలో ఉన్నంతసేపూ ఏమీ లేదు. ఎండలో పెట్టిన పావుగంటకి ఆకు ఒళ్ళంతా సన్నటి బుడగలు పట్టాయి. నీడలోకి తెస్తే తగ్గాయి, మళ్ళీ ఎండలో పెడితే లేచాయి. ట్యూబు నిండాక అగ్గిపుల్ల చూపిస్తే నీలంగా మండింది. హైడ్రోజన్ అయితే టప్పుమని చిన్న చప్పుడు చెయ్యాలి. ఇది చప్పుడు లేకుండా మండింది. ట్యూబు తడిగా ఉందిలే అనుకుంది దుర్గ. ఇష్టమైన చోట మనిషి ఎంత సులువుగా సర్దిచెప్పుకుంటుందో!

ఆ ప్రయోగం అంతా ఆవిడ పక్కన నిలబడి చేసింది హిమజ, మూడో ఏడు చదివే పిల్ల. దించిన తల ఎత్తకుండా రికార్డు రాసేది. ఆ ప్రయోగం పేరు మీదే ఆ పిల్లకి వేసవిలో బెంగుళూరు పరిశోధనశాలలో రెండు నెలలు పనిచేసే అవకాశం వచ్చింది. పేపర్లో దుర్గ ఫొటో వచ్చింది. కాలేజీ కరస్పాండెంటు సూర్యప్రకాష్ గారు బస్టాండు ఎదుట ఆ ఫ్లెక్సీ కట్టించేరు. జగ్గయ్య అయితే టీకొట్టు దగ్గర కూర్చుని, "మా అమ్మడి ఆకు వచ్చేసిందంటే ఇంక ఈ పైపు ఎత్తేస్తారండి. ఆ జాగాలో ఇరవై మొక్కలేస్తాను, ఆయ్!" అని అందరికీ చెప్పుకున్నాడు.

ఫిబ్రవరి ఏడో తారీకున ల్యాబు అటెండరు సాలమోను తొట్టి కడుగుతూ, మాటల్లో మాటగా అన్నాడు.

"ఈ నీళ్ళకి ఆకెందుకండి మేడంగారూ? కొత్త బోరు ఏసిన కాడ్నుంచీ ఇంతేనండి. హాస్టలు పిల్లలు గొట్టం కాడ అగ్గిపుల్ల గీసి ఆడుకుంటన్నారు, నేను తిడతన్నాను."

దుర్గ నవ్వింది. ఆ నవ్వు మొహం మీద ఉండగానే సాలమోను చేతిలోంచి తొట్టి అందుకుంది. తొట్టి నిండా బోరు నీళ్ళు పట్టించి, ఆకు లేకుండా ఎండలో పెట్టింది. పావుగంటకి గాజుగోడలే పట్టుకుని బుడగలు. ట్యూబు నిండింది. నీలంగా, చప్పుడు లేకుండా మండింది. భూమిలోపలి గ్యాసు నీళ్ళలో కరిగి పైకి వస్తోంది, ఎండకి నీళ్ళు వేడెక్కితే బయటపడుతోంది, అంతే. ఏ గ్యాసు పీడ వదిలించాలని ఆకు చేసిందో, ఆ గ్యాసే ఆ ఆకుని పట్టుకుని నవ్వింది.

ఆకు లేని తొట్టి ఒకటి పక్కన పెట్టి పోల్చి చూడాలని పిల్లలకి తొమ్మిదేళ్ళుగా చెబుతున్నదే ఆవిడ. తనే పెట్టలేదు.

మర్నాడే సూర్యప్రకాష్ గారి గదిలోకి వెళ్ళి చెప్పింది. అక్కడికి మెచ్చుకోవాలి. ఆయన శ్రద్ధగా విన్నారు, కాఫీ కూడా తెప్పించేరు.

"దుర్గ గారూ, మీరు మరీ సున్నితమండీ. ఇరవై ఎనిమిదిన సైన్సు దినోత్సవం, కార్డులు పంచేసేం, అమలాపురం నుంచి ముఖ్య అతిథి వస్తున్నారు. అది అయ్యేక మీ పరిశోధన మీరు తీరిగ్గా చేసుకోండి, ఎవరొద్దన్నారు? వచ్చే ఏడాది మిమ్మల్ని పర్మినెంటు చేద్దామని నేను అనుకుంటూనే ఉన్నానండీ."

ఒక్క పరుషమైన మాట లేదు, బెదిరింపు లేదు. అందుకే బయటికి రావడానికి దారీ లేదు. అరిచిన మనిషి మీద తిరగబడొచ్చు గానీ కాఫీ ఇచ్చిన మనిషిని ఏం చేస్తాం?

కనీసం హిమజకైనా చెప్పాలి. బెంగుళూరు వెళ్ళి, అక్కడి శుద్ధమైన నీళ్ళలో ఈ ఆకుని దించితే బుడగ రాదు. పదిమంది ఎదుట ఆ పిల్ల నిలబడిపోతుంది. రైలెక్కేలోపు చెప్పి తీరాలి. రోజూ పొద్దున్నే నిశ్చయించుకునేది. ల్యాబులోకి రాగానే ఆ పిల్ల, "గుడ్మార్నింగ్ మేడమ్" అని మొహం నిండా నవ్వేది. దుర్గ బీకర్లు సర్దడం మొదలుపెట్టేది. ఇంటికి వెళితే పైపు జాగాలో నాటడానికి జగ్గయ్య తెచ్చిపెట్టుకున్న కొబ్బరికాయలు, వరసగా, మొలకలేసి కనిపించేవి. అటు చూసినా ఇటు చూసినా గోడే.

ఇరవై ఎనిమిది రానే వచ్చింది. షామియానా, మైకు, ముందు వరసలో ఇస్త్రీ పంచె కట్టుకుని జగ్గయ్య. ఎండలో బల్ల మీద తొట్టి, తొట్టిలో ఆకు. పదకొండు గంటలకి హిమజ ఇంకో గాజుతొట్టి రెండు చేతులా మోసుకొచ్చి పక్కన పెట్టింది. దాని నిండా బోరు నీళ్ళే, పైన గరాటూ ట్యూబూ. ఆకు లేదు.

"ఇదెందుకమ్మా?" అంది దుర్గ.

"పోల్చి చూపించాలి కదా మేడమ్. మీరే చెప్పేరు కదండీ. ఇందులో ఏమీ రాకపోతే మన ఆకు గొప్పతనం అందరికీ తెలుస్తాదండి."

తీసెయ్యమనొచ్చు. ఒక్క మాట చాలు. సూర్యప్రకాష్ గారి స్వాగతోపన్యాసం పావుగంట సాగింది. అంత వ్యవధి ఉంది ఆవిడకి. ఆ పావుగంటా దుర్గ కుర్చీ చెయ్యి పట్టుకుని కూర్చుంది. ముందు ఆకు మీద లేచాయి బుడగలు. తర్వాత, ఏమీ లేని తొట్టిలో, గోడలంతా.

ముఖ్య అతిథి గారు వంగి చూసి, రెండు తొట్లూ మార్చి మార్చి చూసి, మైకు అందుకున్నారు. "అబ్బో! ఆకు ఉన్నా వస్తోంది, లేకపోయినా వస్తోందే! మన కోనసీమ నీటి మహిమండీ ఇది!"

చప్పట్లు షామియానా ఎగిరిపోయేలా మోగాయి. అందరికన్నా గట్టిగా జగ్గయ్య కొట్టాడు. దుర్గని పిలిచి శాలువా కప్పేరు. ఆ మొత్తం జనంలో చప్పట్లు కొట్టని మనిషి ఒక్కతే. హిమజ రెండో తొట్టి ముందు కదలకుండా నిలబడి ఉంది. ట్యూబు తీసి అగ్గిపుల్ల చూపించింది. చప్పుడు లేకుండా, నీలంగా మండింది. రికార్డు తెరిచి ఏదో రాసుకుని, నెమ్మదిగా దుర్గ దగ్గరికి వచ్చింది.

"మేడమ్, మీకు ముందే తెలుసాండీ?"

అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది. కానీ ఆ పిల్ల కళ్ళు తడిగా ఉన్నాయి.

"ఆయ్, తెలుసు," అంది దుర్గ.

హిమజ రికార్డు ముందు పెట్టింది. ఏ రోజు ప్రయోగం కింద ఆ రోజు మేడమ్ సంతకం, తేదీ ఉండాలి. అది ఆ ల్యాబు పద్ధతి, పెట్టింది దుర్గే. పేజీలో మూడే వాక్యాలున్నాయి. ఆకు ఉన్న తొట్టిలో బుడగలు వచ్చినవి. ఆకు లేని తొట్టిలో బుడగలు వచ్చినవి. వచ్చిన వాయువు హైడ్రోజన్ కాదు.

"సంతకం పెట్టండి మేడమ్. ఇది బెంగుళూరు వాళ్ళకి నేనే పంపించేస్తానండి." ఆ పిల్ల కలం తీసి చాపింది. "తేదీ మాత్రం మీ ఇష్టమండి. ఈవేళ్టిది వేస్తారో, మీకు తెలిసిన రోజుది వేస్తారో."

వేదిక మీద నుంచి సూర్యప్రకాష్ గారు, ఫొటోకి రమ్మని నవ్వుతూ చెయ్యి ఊపుతున్నారు. శాలువా మెడ దగ్గర గుచ్చుతోంది. దుర్గ దాన్ని తియ్యలేదు. కలం అందుకుని సంతకం పెట్టింది. దాని కింద, ఫిబ్రవరి ఏడు అని వేసింది.