ఇస్తున్నాం అనే మాట

కిందటేడు సార్వా వరి నాట్ల రోజులు. కంకిపాడు దగ్గర పంట కాలువ మీద నేను లస్కర్‌ని. షట్టర్లు ఎత్తి దించి, ఒక్కో ఊరికి వంతు ప్రకారం నీళ్ళు వదలడం లస్కర్ పని. మా ఆయన పోయాక ఆ పని నాకు వచ్చింది.

ఎగువ ఊళ్ళో వెంకట్రావుగారు పెద్ద రైతు. ఆయన నాట్లు పూర్తయ్యాయి. దిగువ వాళ్ళ వంతు వచ్చింది. అయినా తన మనుషులతో వచ్చి షట్టర్ ఎత్తనివ్వకుండా అడ్డం నిలబడ్డారు. దిగువన శివారు పొలంలో కౌలుకు చేసే మస్తాన్‌బీ నారుమడి నెర్రెలిస్తోంది. నారు పోతే ఆమెకు ఆ ఏడు పంట లేదు.

"రేపిస్తాంలేమ్మా. ఎప్పుడివ్వలేదు వాళ్ళకి?" అన్నారాయన నాతో.

"మీ చేలు నిండుగానే ఉన్నాయి గదండీ?"

"ఉన్నాయి. రేపు కాలువ రాకపోతేనో?"

ఆయన చెడ్డవాడేం కాదు. ఉన్నవాడి భయం ఆయనది. ఉన్నకొద్దీ పెరిగేది. పైగా తన చేను పక్కగా పోయే నీళ్ళు తనవేననిపించేది. అందుకే వాళ్ళ వంతు వాళ్ళకు వదలడం కూడా ఆయన నోట 'ఇవ్వడం' అయింది. మా ఇంజనీరు ఏఈ గారొచ్చి షట్టర్ ఎత్తించేసరికి మస్తాన్‌బీ నారు సగం మాడిపోయింది.

తర్వాత వారం వాయుగుండం పట్టింది. వెంకట్రావుగారి నాట్లు మునిగాయి. ఆ నీళ్ళు పోవాల్సిన మురుగు కాలువ శివారు మీదుగానే వెళ్తుంది. అందులో గుర్రపుడెక్క అడ్డం పడింది. ఆయన గొడుగేసుకుని వచ్చేటప్పటికే మస్తాన్‌బీ వాళ్ళు మోకాలి లోతులో దిగి లాగుతున్నారు.

"మీ నీళ్ళకి దారి ఇస్తున్నామని మేమెప్పుడన్నా అన్నామా బాబాయ్?" అంది ఆమె, చెయ్యి ఆపకుండా.

ఆయన గొడుగు గట్టు మీద పెట్టి, పంచె ఎగ్గట్టి దిగారు.

వాన తెరిపిచ్చాక నారు కట్టలు ట్రాక్టర్ మీద వేసుకొచ్చారు.

"మా నారు మిగిలిందమ్మా. నీకిస్తున్నాను." మాట నోట్లోంచి రాగానే ఆగిపోయారు.

మస్తాన్‌బీ పకపకా నవ్వింది. "అనండి బాబాయ్, ఇది మీదేగా!"

ఆమె చేనంతా నాటింది, పంటా చేతికొచ్చింది.

లేటు వయసులో అక్షరాలు నేర్చుకున్నాక టీవీలో అడుగున కదిలే వార్తలు చదవడం నాకు సరదా. ఏ పెద్ద దేశమైనా చిన్న దేశానికి ఏదో ఇస్తున్నామంటే, అది అసలెవరిదో ముందు చూసుకుంటాను.