గళ్లు నేను వేసినవి

మహారాష్ట్ర చంద్రపూర్‌లో వెబ్‌సైట్లు తయారుచేసే చిన్న ఆఫీసులో నాలుగేళ్లు పనిచేశాను. యజమాని మా తెలుగాయనే. రాజురాలో బట్టల దుకాణమున్న ఒక పెద్దాయన వెబ్‌సైట్ కావాలని వచ్చినప్పుడు, పేజీ వెనక చీర ఫోటో పరిచేయమన్నాడు యజమాని. అంత బరువైన ఫోటో ఉంటే గోండ్‌పిప్రి వైపు పల్లెల్లో అందే సిగ్నల్‌కి పేజీ తెరుచుకోదని చెప్పాను. వినలేదు.

నేనే కూర్చుని, పేజీ రంగులూ రూపమూ రాసే స్టైల్ షీట్‌లో గ్రేడియంట్లతో గళ్లు వేశాను. గ్రేడియంట్ అంటే ఒక రంగు మెల్లగా మరో రంగులోకి కరగడం. ఒక రంగు ముగిసే చోటే రెండోది మొదలుపెడితే మాత్రం కరగవు, గీత గీసినట్టు తెగుతాయి. అలా నిలువు ఎర్ర చారలు ఒక పొర, అడ్డ చారలు ఇంకో పొర. ఎరుపును కాస్త పలచన చేస్తే, చారలు దాటే చోట రంగు చిక్కబడి పడుగూ పేకా కలిసినట్టే కనిపించింది. ఫోటో అక్కర్లేదు, పది వరుసల రాత చాలు. అమ్మ కట్టే గళ్ల చీర బల్ల మీద పరిచి, స్కేలుతో కొలుచుకుంటూ మూడు రోజులు చేశాను.

పెద్దాయన చూడ్డానికి వచ్చిన రోజు యజమాని ఆ గళ్లు చూపించి, అన్నీ తానే కూర్చుని వేశానన్నాడు. నేను పక్క కుర్చీలోనే ఉన్నాను. నా వైపు చెయ్యి చూపి, "ఈ పిల్ల టైపింగ్ చూసుకుంటది" అన్నాడు.

పెద్దాయన కళ్లజోడు సవరించుకున్నాడు. "మంచిగుంది. కని గీ ఎర్ర గీత లావైంది. మా చీరల గింత లావుండది. జర సన్నగ చెయ్యున్రి, చూస్త."

యజమాని మౌస్ నా వైపు జరిపాడు. నేను ముట్టుకోలేదు.

"మీరు చేసిన్రు గద సార్. మీరే మార్చున్రి," అన్నాను.

ఫైలు తెరిచాడు. ఏ అంకె ఏ గీతదో అతనికి తెలియదు. ఏదో ఒకటి మార్చాడు. గళ్లన్నీ పోయి పేజీ మొత్తం ఎర్రబడింది. పెద్దాయన నా వైపు తిరిగి, నువ్వు చేసినవా బిడ్డా అని అడిగాడు. అవునన్నాను. అప్పుడు మౌస్ తీసుకుని, రెండంకెలు సరిచేసి, సన్నటి గీతలు చూపించాను.

ఆయన వెళ్లగానే యజమాని తలుపేసి, బయటివాళ్ల ముందు తన పరువు తీశానని అరిచాడు. క్షమాపణ చెప్పమన్నాడు. చెప్పలేదు. ఆ వారమే మానేశాను. ఆ గళ్లు ఇప్పటికీ ఆ ఆఫీసు కొత్తవాళ్లకు చూపించే నమూనాల్లో అతని పేరుతోనే ఉన్నాయట.

ఆ ఒక్క పనికే అయితే ఇంత కోపం ఉండేది కాదు. అంతకుముందు గిరాకీలు వచ్చినప్పుడల్లా నన్ను లోపలి గదిలో కూర్చోబెట్టేవాడు. అక్కడ కూర్చుని చేసినవన్నీ ఎవరి పనిగా చెలామణి అయ్యాయో నాకు అర్థం కావడానికి నాలుగేళ్లు పట్టింది.