బడే సాహెబుకి వినబడని ఈల

మా గ్యారేజీలో పనిముట్లన్నీ గోడకి వేలాడుతుంటాయి. ఒక్కటి మాత్రం బడే సాహెబు గారి తలకి వేలాడుతుందని అఖీల్ నవ్విస్తుండేవాడు. అది ఆయన కుడి చెవి. దుబాయ్‌ అల్ ఖూజ్‌లో మా వీధి పొడవునా షెడ్లే. ఎవరి బండిలోనైనా అంతుపట్టని చప్పుడు వస్తే, "ఆ నెల్లూరు ముసలాయనకి ఒకసారి వినిపించండి" అనేవాళ్లు. ఆయన పొడుగాటి స్క్రూడ్రైవర్ కొన ఇంజన్ మీద ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకి నొక్కుకుని, బిస్మిల్లా అనుకుంటూ కళ్లు మూసుకునేవారు. కాసేపటికి కళ్లు తెరిచి, "బెల్టు కాదు, లోపలి బేరింగు" అనేవారు. విప్పి చూస్తే అదే ఉండేది.

నాది అక్కడే టైర్ల పని. ఊరు అమలాపురం దగ్గర. ఆయనా నేనూ ఒకే గదిలో ఉంటాం. తెల్లవారుజామున నమాజుకి లేచినప్పుడు ఆయన లైటు వెయ్యరు, నా నిద్ర చెడుతుందని. చీకట్లోనే తడుముకుంటూ వెళ్లి, ముఖం, కాళ్లూ చేతులూ కడుక్కుని వజూ చేసుకుని వస్తారు. నేను బైబిలు తెరిస్తే, ఆయన ఫోనులో మాట్లాడుతున్నా సరే లేచి బయటికి వెళ్లిపోతారు. ఇది చదివి ఎవరూ ఆయన్ని తక్కువగా చూడకూడదని నా కోరిక. ఆయన్ని అడిగే రాస్తున్నాను.

రాజ్యం అక్కని గ్యారేజీకి తీసుకొచ్చింది నేనే. మా ప్రార్థన కూడికలో పాట ఎత్తేది ఆవిడే. ఇదివరకు ఒక ఫ్రాన్సు మేడమ్ ఇంట్లో పనిచేసింది. కరోనా తర్వాత ఆ మేడమ్ తమ దేశం వెళ్లిపోతూ, అక్కడినుంచి ఓడలో తెచ్చుకున్న చిన్న డీజిల్ కారుని అక్క పేరున మార్పించి ఇచ్చింది. ఇప్పుడు అక్క దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్కులో ఒక క్యాటరింగ్ కంపెనీకి వంట చేస్తుంది. వీలున్న ప్రతి నెలా ఆ కారులోనే రువైస్ వెళ్లి, అక్కడ ఒకరింట్లో పనిచేసే చెల్లెలు చిన్నిని చూసి వస్తుంది. దారంతా ఎడారి. ఈ దేశంలో చిన్న కార్లు పెట్రోలువే గనక, ఆ డీజిల్ కారుని ముట్టుకోవడానికి చాలామంది మెకానిక్కులు జంకారు.

సాహెబు గారు మాత్రం బానెట్ ఎత్తి, చంటిపిల్లని చూసినట్టు చూశారు.

"ఇదిగో తల్లీ, నత్తగుల్ల మాదిరి ఉందే, ఇదే టర్బో. ఇంజన్ వదిలే పొగ ఊరికే పోకుండా, పోతా పోతా ఇక్కడొక చక్రాన్ని తిప్పతాది. అదే ఇరుసుకి ఈ పక్కన ఇంకో చక్రం. అది బయటి గాలిని లోపలికి కూరతాది. పొయ్యి ఊదితే మంట లేచినట్టే."

"అయితే వదిలిన ఊపిరితోనే మళ్లీ ఊపిరి పీలుస్తుందన్నమాట, బాబాయిగారూ."

"అద్దీ. నీకు అర్థమైనంత మా అఖీల్‌కి కాలా."

అఖీల్ హైదరాబాదు కుర్రాడు. మా దగ్గర కంప్యూటర్ పెట్టి బండ్లు చూసేది అతనే. "నేనేం జేసిన చాచా, నడుమ నన్ను గుంజుతవ్" అన్నాడు.

"ఆ ఇరుసు తిరిగేది నూనె మీద. నూనె పాతబడితే అది అరిగిపోద్ది. కాబట్టి నూనె మార్చే గడువు దాటనీబాక. దూరం నుంచి వచ్చినాక టక్కున ఆపబాక, కాసేపు నిదానంగా తిరగనీ, టర్బో చల్లబడతాది. ఈ ఇసక దేశంలో గాలి ఫిల్టరు మీద ఒక కన్నేసి ఉంచు." ఇంకా ఏదో గుర్తొచ్చినట్టు ఆగి అన్నారు. "ఎప్పుడన్నా టర్బో చెడి నూనె ఇంజన్‌లోకి దిగిందనుకో, అది డీజిల్ మానేసి ఆ నూనెనే తాగి పిచ్చిపట్టినట్టు అరస్తాది. తాళం తీసినా ఆగదు. భయపడబాక. పెద్ద గేరు వేసి, బ్రేకు మీద నిలబడి, క్లచ్చి ఠక్కున వదిలెయ్. గొంతు పట్టినట్టు ఆగిపోద్ది."

"అంత మాట ఇప్పుడెందుకులెండి, భయమేస్తుంది" అని అక్క నవ్వేసింది. కానీ విన్నది మాత్రం మనసులో పెట్టుకుంది. నూనె, ఫిల్టర్లు ఏనాడూ ఆలస్యం చేయలేదు.

నిరుడు ఎండలు ముదిరే ముందు అక్క కారు తీసుకుని మళ్లీ వచ్చింది.

"బాబాయిగారూ, ఈల వస్తుందండి. కుక్కరు కూత వేయబోయే ముందు సన్నగా మొదలవుతుందే, అలాగ. స్పీడు పెంచితే ఈలా పెరుగుతుంది."

సాహెబు గారు ఎప్పటిలాగే స్క్రూడ్రైవర్ పెట్టి విన్నారు. యాక్సిలేటర్ తొక్కమన్నారు. మళ్లీ తొక్కమన్నారు. ఆ రోజు కళ్లు చాలాసేపు మూసుకునే ఉన్నారు. ఈలోగా అఖీల్ చేతులు తుడుచుకుంటూ వచ్చి, "చాచా, సీటీ కొట్టినట్టు ఏదో వస్తున్నది కదా" అన్నాడు.

"నీ కంప్యూటర్ని అడుక్కో పో. ఇంజన్ సంగతి నాకు చెప్తావా?"

ఆయన ఎవరి మీదా అలా విరుచుకుపడగా నేను చూడలేదు. అఖీల్ మొహం చిన్నబుచ్చుకుని వెళ్లిపోయాడు. సాహెబు గారు అక్క వైపు తిరిగి, "ఏమీ లేదమ్మా. ఏసీ గాలి సందుల్లోంచి పోతా అట్టా అంటాది. నిశ్చింతగా పో" అన్నారు.

"అలాగేనండి. నాకే అనుమానం ఎక్కువ" అంది అక్క.

ఆ వారమే రువైస్ నుంచి చిన్నిని సెలవుకి తీసుకొస్తుంటే, దారిలో తరీఫ్ ఊరు దాటాక, ఈల కాస్తా సైరన్ అయింది. ఆ తర్వాత కారు వెనకంతా తెల్లటి పొగ. ఇంజన్ దానంతటదే అరవడం మొదలుపెట్టింది. అక్క పక్కకి తీసి తాళం తీసేసింది. ఆగలేదు. వెనక సీట్లో చిన్ని కేకలు. అప్పుడు అక్కకి సాహెబు గారి మాట గుర్తొచ్చింది. పెద్ద గేరు వేసి, రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని, బ్రేకు మీద బరువంతా వేసి, క్లచ్ వదిలేసింది. కారు ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. వెనక వస్తున్న ఒక పఠాన్ తన లారీని వాళ్లకి అడ్డంగా ఆపి, ఇద్దర్నీ చల్లటి క్యాబిన్‌లో కూర్చోబెట్టి, రికవరీ బండి వచ్చేదాకా తను ఎండలో నిలబడ్డాడట. అతని పేరు అడగడం మర్చిపోయామని అక్క ఇప్పటికీ నొచ్చుకుంటుంది.

కారు మా షెడ్డుకి వచ్చింది. సాహెబు గారు గాలి గొట్టం విప్పి, లోపలి చక్రాన్ని వేలితో కదిపారు. అది వదులైన పన్నులా ఊగింది. గొట్టం నిండా నూనె. ఆయన వేలు తీసి తుడుచుకోకుండా అలాగే నిలబడిపోయారు.

అక్క మాత్రం వచ్చిన దగ్గర్నుంచీ ఆయనకి దణ్ణం పెడుతూనే ఉంది. "మీరు ఆ రోజు చెప్పబట్టి బతికాం బాబాయిగారూ. నా చెల్లెలి ప్రాణం మీరు పోసిందే."

సాహెబు గారు చేతులు కడుక్కునే మిషతో వెనక్కి వెళ్లిపోయారు.

ఆ సాయంత్రం మగ్రిబ్ నమాజు అయ్యాక కూడా ఆయన చాప మీదనుంచి లేవలేదు. ఒంట్లో బాలేదా అని దగ్గరికి వెళ్లాను.

"నాకు సన్నటి చప్పుళ్లు వినబడవు అబ్బయ్యా" అన్నారు, నా వైపు చూడకుండా.

నాకు అర్థం కాలేదు.

"శానా నాళ్లయింది. డాక్టరు చెప్పినాడు, గ్రైండర్ల మోతకి చెవిలో సన్నటిది పట్టుకునే శక్తి పోయిందని. మోటు చప్పుళ్లు ఎముక మీదుగా వచ్చేస్తయి, వాటితో నెట్టుకొచ్చినా. ఆ రోజు ఆ బిడ్డ ఈల అన్నప్పుడు నాకేమీ వినబడలా. వినబడలేదని చెప్పటానికి సిగ్గేసింది. ఏమీ లేదని చెప్పినా."

పక్క మంచం మీద పడుకునే నాకే తెలియలేదు. ఆయన చేతిగడియారం అలారం కూతకి లేచేది ఎప్పుడూ నేనే. ముసలితనం నిద్ర అనుకుని భుజం తట్టి లేపి, నేను మళ్లీ పడుకునేవాణ్ణి.

"ముదీర్‌కి చెప్పొచ్చు కదండీ?" అన్నాను. మా మేనేజర్ని అందరం ముదీర్ అనే అంటాం.

"చెవిలేని మెకానిక్‌ని ముదీర్ ఏం చేసుకుంటాడు? వీసా ఖలాస్. ఇంటికి పోయి ఏమని చెప్పేది, నా చెవి పోయిందనా?"

చేసిన తప్పుని చేతులతో దిద్దుదామనుకున్నారు పాపం. తన సెలవు రోజున షార్జా తుక్కు బజారుకి వెళ్లి, ఎండలో షెడ్డు షెడ్డు తిరిగి, సరిపోయే టర్బో వెతికి తెచ్చారు. పాతదానికి నూనె తెచ్చే సన్న గొట్టం లోపల మసి గట్టిపడి సగానికి పైగా పూడిపోయి ఉంది. అసలు జబ్బు అదే, నూనె ఎంత వేళకి మార్చినా టర్బోకి చాలినంత అందలేదు. ఆ గొట్టం కొత్తది వేశారు. గాలి గొట్టాలన్నీ విప్పి, మిగిలిన నూనె చుక్క లేకుండా కడిగారు. ఏమాత్రం ఉన్నా ఇంజన్ మళ్లీ తాగేస్తుందని. అఖీల్ అడక్కుండానే పక్కన నిలబడి లైటు పట్టాడు. ఆ రోజు ఈల తనకి వినబడిందన్న మాట అతను మళ్లీ ఎవరి దగ్గరా ఎత్తలేదు. అది తన మనసుని మరీ కోస్తుందని సాహెబు గారు నాతో అన్నారు.

ఆయన ఎంత చేస్తే అక్క అంత పొగిడింది. పులిహోర వండి తెచ్చింది. షెడ్డులో అందరూ తిన్నారు, ఆయన కడుపునొప్పి అన్నారు. "చాచా, నువ్వు తినకుంటే నీ వాటా గూడ నాదే" అని అఖీల్ తేలిక చేయబోయాడు, ఆయన నవ్వలేదు.

శుక్రవారం కూడికలో అక్క లేచి నిలబడి జరిగిందంతా చెప్పి, "ఆ పెద్దాయన కోసం ప్రార్థించండి" అని ఏడ్చింది. అందరం ఆయన పేరెత్తి ప్రార్థించాం. నేనూ మోకరించాను. ఆమేన్ మాత్రం అందరితో కలిసి అనలేకపోయాను. కూడికలో జరిగింది దాచడం నాకు చేతకాలేదు, గదికొచ్చి ఆయనకి చెప్పేశాను.

"నా పేరెత్తి దువా చేసినారా?" అని మళ్లీ అడిగారు.

"అవునండి. అందరూ."

ఆయన తలకి చుట్టుకున్న రుమాలు తీసి మొహం మీద కప్పుకున్నారు. "అల్లా ముందర ఇంత అబద్ధం నేను మోయలేను" అన్నారు.

అక్క కారు తీసుకెళ్లడానికి వచ్చినరోజు మధ్యాహ్నం భోజనాల వేళ. నేనూ అఖీల్ అక్కడే ఉన్నాం, మేం లేచి వెళ్లబోతే ఆయనే ఉండమన్నారు. తాళాలు ఆమె చేతిలో పెట్టకుండా తన గుప్పిట్లోనే ఉంచుకుని చెప్పారు. చెవి సంగతి, డాక్టరు సంగతి, అఖీల్‌ని కసిరిన సంగతి. మధ్యలో ఎక్కడా తనని తాను వెనకేసుకు రాలేదు.

అక్క కారు వైపు చూసింది. ఆ తర్వాత మెల్లగా అంది, "నాకు వినబడింది కదండీ. దారంతా వినబడుతూనే ఉంది. మీరు లేదన్నారు కాబట్టి నా చెవినే నమ్మలేదు. వెనక చిన్ని కూర్చుంది."

"అవును తల్లీ."

"వినబడలేదన్న ఒక్క మాట అంటే పోయేది కదా బాబాయిగారూ."

"అవును."

"అక్కా, నాకు గూడ వినొచ్చింది. చాచా కసిరినంక, పెద్దమనిషని అదబ్‌తోని నోరు మూసుకున్న. నాది గూడ తప్పే" అన్నాడు అఖీల్. అక్క అతని వైపు చూడలేదు.

"నేను క్షమించానంటే అది నోటి మాట అవుతుంది. నాకు ఇంకా కోపంగానే ఉంది" అంది. "ముదీర్ గారికి చెప్పండి. నాలాగ ఇంకొకావిడ వస్తుంది."

ఆయన తాళాలు ఇచ్చేసి, చేతులైనా కడుక్కోకుండా ముదీర్ గదిలోకి వెళ్లారు. గాజు తలుపు లోంచి మాకు కనిపిస్తూనే ఉంది, ఆయన కుర్చీలో కూర్చోలేదు. వీసా తీసేయలేదు, దేవుని దయ. చప్పుళ్లు చూసే పని మాత్రం అఖీల్‌కి ఇచ్చారు. సాహెబు గారిని నూనెలు మార్చే చోట పెట్టారు. వీధిలో ఇప్పటికీ ఎవరైనా, "ఆ నెల్లూరు ఆయనకి వినిపించాలి" అని వస్తే, ఆయనే లేచి, "నాకు వినబడదయ్యా, ఆ అబ్బాయిని అడగండి" అంటారు. ప్రతిసారీ మెడ దాకా ఎర్రబడతారు. అలవాటు కాలేదు.

రాజ్యం అక్క మళ్లీ రాదనుకున్నాం. నూనె మార్చే గడువుకి వచ్చింది. పులిహోర తేలేదు, దణ్ణమూ పెట్టలేదు. కారు ఆయన ముందే ఆపింది. ఆయన పని ముగించి, బానెట్ తెరిచే ఉంచి, తల దించుకుని అడిగారు.

"స్టార్ట్ చేసి వినమ్మా. ఏమన్నా వినపడతా ఉందా?"

అక్క ఏసీ కట్టేసి, అద్దాలు దించి, యాక్సిలేటర్ నెమ్మదిగా తొక్కుతూ విన్నది. ఏదో చెప్పింది. ఇంజన్ మోతలో ఆ సన్నటి గొంతు ఆయనకి అందలేదు. అందాలంటే ఆమె పెదవులు చూడాలి. నేల చూస్తున్న తల ఎత్తడానికి ఆయనకి కొంచెంసేపు పట్టింది. ఎత్తేదాకా అక్క ఆగి, అదే మాట నిదానంగా మళ్లీ చెప్పింది.

"ఇప్పుడేమీ లేదండి."